అమ్మ పన్నులో నాలుగో దారి

మారతహళ్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న పంటి క్లినిక్ గురించి రాస్తున్నాను. క్లినిక్ పేరు రాయడం లేదు. ఇది చదివేవాళ్ళు అందరూ బెంగళూరులో ఉండరు. అక్కడ ఏ పరికరంతో ఏం చేశారో, ఎంత తీసుకున్నారో, ఏది బాగాలేదో చెప్తే ఎక్కడున్నవాళ్ళకైనా పనికొస్తుంది.

అమ్మకి అరవై ఒకటి. కదిరి దగ్గర పల్లె. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు చూశాను, ఓళిగ కూడా ఎడమవైపే నములుతోంది. ఏమైందంటే "ఏం లేదులే పాపా, అలవాటైపోయింది" అంది. నోరు తెరిపించి ఫోన్ లైటు వేసి చూస్తే కుడివైపు పై దవడ పన్ను దగ్గర, చిగురు మీద పెసరగింజంత పొక్కు. నొక్కితే చీము. ఆ పన్నుకి నాలుగేళ్ళ క్రితం దగ్గరి పట్నంలో రూట్ కెనాల్ చేయించాం, అంటే పంటి వేర్ల లోపల ఉండే సన్నని దారుల్ని శుభ్రం చేసి మందుతో మూసేయడం. తర్వాత క్యాప్ వేయించమన్నారు. అదే నెలలో నాన్నకి గుండె ఆపరేషన్ వచ్చింది, క్యాప్ సంగతి అందరం మరిచిపోయాం.

ఆమెను నాతోపాటే బెంగళూరు తీసుకొచ్చేశాను. ముందు వెళ్ళింది ఈ క్లినిక్‌కి కాదు, రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక పెద్ద క్లినిక్‌కి. రిసెప్షన్ హోటల్ లాబీలా ఉంది. ఎక్స్‌రే తీశారు, ఐదు నిమిషాల్లో "పన్ను తీసేసి ఇంప్లాంట్ పెట్టాలి" అన్నారు. 48,000 రూపాయల ఎస్టిమేట్ ప్రింటు తీసి చేతిలో పెట్టారు. ఎందుకు తీసేయాలి అని అడిగితే "రూట్ కెనాల్ ఫెయిలైంది" అన్నారు. ఎందుకు ఫెయిలైంది అంటే జవాబు లేదు. ఎక్స్‌రే కనిపించే స్క్రీన్ డాక్టర్ వైపు తిరిగి ఉంది. అమ్మ కుర్చీలో వెల్లకిలా పడుకుని సీలింగ్ చూస్తూ ఉంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టకుండా దాన్ని బాగుచేస్తామంటే నాకు నమ్మకం కుదరదు. ఇంప్లాంట్ చెడ్డదని కాదు, మా మామయ్యకి రెండున్నాయి, బాగానే ఉన్నాయి. కానీ ఉన్న పన్ను ఎందుకు పోవాలో తెలియాలి కదా. పక్క ఫ్లాట్ అక్క చెప్తే ఈ చిన్న క్లినిక్‌కి వెళ్ళాం.

డాక్టరమ్మది చింతామణి వైపు. ఇంట్లో తెలుగే. "ఎట్లుందమ్మా నొప్పి, చల్లనీళ్ళకా, నమిలితేనా?" అని అడగ్గానే అమ్మ భుజాలు కిందికి దిగాయి. నా నోటి ద్వారా కాకుండా తనే చెప్పుకుంది. ఆ పది నిమిషాలూ ఏ మెషీనూ ఆన్ చేయలేదు.

తర్వాత ఆమె చేసిన మొదటి పని నాకు కొత్త. గుండుసూదికంటే కాస్త లావుగా, గులాబీ రంగులో మెత్తటి కడ్డీ ఒకటి తీసి ఆ పొక్కు రంధ్రంలోకి మెల్లగా పంపింది. అది రూట్ కెనాల్ నింపడానికి వాడే గట్టాపర్చా అట. అలా ఉంచి ఎక్స్‌రే తీస్తే, చీము ఎక్కడి నుంచి వస్తోందో ఆ కడ్డీయే వేలు పెట్టి చూపిస్తుంది. పొక్కు ఉన్నచోటే రోగం ఉండాలని లేదు.

ఎక్స్‌రే అంటే ఇప్పుడు ఫిల్ము కాదు, ఆర్‌వీజీ. అగ్గిపెట్టె కంటే చిన్న సెన్సర్‌ని నోట్లో పెడతారు, కొన్ని సెకన్లలో బొమ్మ కంప్యూటర్‌లో పడుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టక దీని కథంతా చదివాను. రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలు కనిపెట్టింది 1895 నవంబరులో. కొన్ని వారాలకే, 1896 జనవరిలో, జర్మనీలో ఒట్టో వాల్‌ఖోఫ్ అనే దంతవైద్యుడు తన నోటికే ఎక్స్‌రే తీయించుకున్నాడు. దానికి 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఫిల్ము లేకుండా సెన్సర్‌తో తీసే పద్ధతి ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మూయెన్ కనిపెట్టాడు, 1987లో వాడకంలోకి వచ్చింది. అమ్మకి ఆ సెన్సర్ అంచు అంగిట్లో గుచ్చుకుంది, అది మాత్రం రాయాలి. రెండోసారి పెట్టేటప్పుడు అంచుకి స్పాంజి చుట్టారు.

బొమ్మలో గులాబీ కడ్డీ తెల్లగీతలా వెళ్ళి, బుగ్గవైపు ముందు వేరు కొసన ఆగింది. అక్కడ మసకగా నల్లని నీడ. ఎముక తినేసిన చోటు. అయితే పాత రూట్ కెనాల్ తెల్లగీతలు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. మరి తప్పెక్కడ? ఆమె అన్నమాట ఇది: "దీంట్లో ఇంతకంటే కనిపించదు. నీడ పడిన గోడని చూసి మనిషి వెనక ఎవరున్నారో చెప్పలేం కదా. పై పళ్ళకి వేర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. సీబీసీటీ తీద్దాం, ఆ ఒక్క పన్ను చుట్టూ చిన్న భాగానికే."

సీబీసీటీ అంటే పన్నుని అన్ని వైపుల నుంచీ చూపించే త్రీడీ ఎక్స్‌రే స్కాన్. అది ఆ క్లినిక్‌లో లేదు. ఇందిరానగర్ స్కాన్ సెంటర్‌కి పంపారు. రాకపోకలకి మూడు గంటలు పోయాయి, స్కాన్ పట్టింది అర నిమిషం లోపే. గడ్డం ఒక దిమ్మె మీద ఆనించి, పుల్ల కొరికి పట్టుకుని నిలబడాలి. మెషీన్ చేయి తల చుట్టూ తిరుగుతుంది. "నా చుట్టూ ప్రదక్షిణం చేసింది" అంది అమ్మ బయటికొచ్చి. రేడియేషన్ గురించి నాకు టెన్షన్ ఉండింది. మన నేలా, గాలీ, ఆకాశం నుంచే మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు వస్తుంది. రెండు మూడు పళ్ళకి మాత్రమే తీసే చిన్న సీబీసీటీ దాంట్లో చాలా చిన్న వంతు. అయినా మామూలు ఎక్స్‌రే కంటే ఎక్కువే. అందుకే ముందు ఆర్‌వీజీ తీసి, అది చాలనప్పుడే దీనికి పంపడం నాకు నచ్చింది. తలుపు తీయగానే అందరికీ సీబీసీటీ రాసే చోట్ల జాగ్రత్తగా ఉండండి.

మర్నాడు సాయంత్రం జరిగింది కొంచెం వివరంగా చెప్తాను, ఈ రివ్యూ రాస్తున్నదే దానికోసం.

డాక్టరమ్మ కుర్చీని నిటారుగా లేపింది. స్క్రీన్‌ని చేత్తో పట్టుకుని పూర్తిగా అమ్మ వైపు తిప్పింది. అమ్మ కళ్ళజోడు నా బ్యాగులో ఉంటే తీసి పెట్టుకునేదాకా ఆగింది. "అమ్మా, ఇది నీ పన్ను. సాంబారులోకి ముల్లంగిని చక్రాలు తరుగుతావు చూడు, ఇదీ అట్లే. పైనుంచి కిందికి ఒక్కో చక్రం చూపిస్తా" అని మౌస్ చక్రం తిప్పడం మొదలుపెట్టింది. బూడిద రంగు చక్రాలు ఒకటి తర్వాత ఒకటి కదిలాయి. పన్ను మూడు వేర్లుగా విడిపోయింది. ఒక్కో వేరు మధ్యలో మెరిసే తెల్లచుక్క, పాత రూట్ కెనాల్‌లో నింపిన మందు. ముందు వేరు దగ్గర ఆమె ఆగింది. ఆ వేరు మిగతావాటిలా గుండ్రంగా లేదు, చిక్కుడుగింజలా పొడుగ్గా ఉంది. ఒక చివర తెల్లచుక్క. ఇంకో చివర సూదిమొనంత నల్లచుక్క.

డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు. అమ్మే ముందుకి వంగి వేలు స్క్రీన్‌కి ఆనించింది. "ఈ మూడింట్లో సున్నం పోసినారు. దీంట్లో పోయలేదే?"

"అదేనమ్మా" అంది ఆమె. "నాలుగో దారి. అది మూయలేదు."

పై మొదటి దవడ పన్నుకి వేర్లు మూడే అయినా దారులు మూడే ఉండాలని లేదట. ముందు వేరులో రెండో దారి ఉండడం సగానికి పైగా పళ్ళలో కనిపించే సంగతే. అది చాలా సన్నగా ఉంటుంది, పంటి లోపలి నేలలో ఒక పొర కింద దాక్కుంటుంది. మామూలు కంటికి దొరకడం కష్టం. మొదట చేసిన డాక్టర్ని ఆమె ఒక్క మాట అనలేదు. క్యాప్ వేయించుకోకపోవడం వల్ల కూడా పైనుంచి సూక్ష్మజీవులు దిగి ఉండవచ్చని మా తప్పునీ దాచకుండా చెప్పింది. పన్ను తీసేయడం, తీసి ఇంప్లాంట్ పెట్టడం, మళ్ళీ రూట్ కెనాల్ చేయడం, ఈ మూడు మార్గాలూ చెప్పి, మళ్ళీ చేస్తే నూటికి నూరు నిలుస్తుందని హామీ ఇవ్వలేనని కూడా అంది. నిర్ణయం అమ్మదే. "పన్ను గట్టిగానే ఉంది కదా. దారి ఒకటి మిగిలిపోతే పన్నుదేం తప్పు? చెయ్యి తల్లీ" అంది అమ్మ. నాలుగేళ్ళలో తన నోటి గురించి తనే తేల్చుకున్నది ఆ రోజే.

చికిత్స రెండు సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర. మొదట పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించారు, ఆ ఒక్క పన్నే బయటికి కనిపిస్తుంది, ఉమ్మి లోపలికి పోదు, మందు గొంతులోకి జారదు. ఇదేం కొత్త టెక్నాలజీ కాదు, న్యూయార్క్‌లో శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లోనే మొదలుపెట్టాడు. మొదటి రూట్ కెనాల్‌కి ఇది వాడలేదని అమ్మ చెప్పింది. మీ డాక్టర్ దగ్గర ఎన్ని మెషీన్లున్నాయో అడిగేముందు రబ్బరు షీటు వాడతారా అని అడగండి. నా లెక్కలో అదే మొదటి పరీక్ష.

తర్వాత మైక్రోస్కోపు. పైకప్పు నుంచి వేలాడే పెద్ద తలకాయ, దాని కెమెరా చూసేది గోడమీద మానిటర్‌లో కనిపిస్తుంది. నన్ను గదిలో ఒక మూల కూర్చోనిచ్చారు. పంటి లోపల ఆ స్క్రీన్ మీద ఒక ఎండిపోయిన చెరువులా ఉంది, పసుపు నేల, అక్కడక్కడా నల్లని బీటలు. అల్ట్రాసోనిక్ మొనతో ఒక మూల గీరుతుంటే తెల్లటి పొడి లేస్తోంది. అసిస్టెంటు గాలి కొడితే పొడి పోతుంది, మళ్ళీ గీరడం. ఇరవై నిమిషాలు అంతే. ఉన్నట్టుండి "ఇదిగో" అంది ఆమె. నేల మీద సూదితో పొడిచినంత చుక్క. దారిని శుభ్రం చేసే వెంట్రుకలాంటి సూది, దాన్ని ఫైలు అంటారు, దాంట్లో పెట్టి చెయ్యి వదిలేస్తే అది పడిపోకుండా నిలబడింది. స్కాన్ చూపించిన చోటే.

ఆ దారి ఎంత లోతుందో చెప్పే పరికరం పేరు ఎపెక్స్ లొకేటర్. ఒక కొక్కెం పెదవికి, ఒక క్లిప్పు ఫైలుకి. నోటి లోపలి పొరకీ, వేరు కొసన ఉండే కణజాలానికీ మధ్య విద్యుత్ నిరోధం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని జపాన్‌లో సునాడా 1962లో చూపించాడు. ఇప్పటి మెషీన్లు ఆ ఆలోచనని ఇంకా మెరుగుపరిచినవి. కొస దగ్గరపడేకొద్దీ బీప్ వేగం పెరుగుతుంది. "బస్సు రివర్సు తీసినట్టుండె" అని అమ్మ తర్వాత చెప్పింది. పైన పెద్ద మైక్రోస్కోపు, లోపల సూది, చెవిలో ఆ శబ్దం, కానీ అది ఎందుకు మోగుతోందో ముందే చెప్పడంతో భయపడలేదట. శుభ్రం చేసే మందు మాత్రం ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వేసిన రోజు వాసనే, గదంతా. అదే జాతి మందు కాబట్టి.

క్లినిక్‌లో లేజర్ మెషీన్ కూడా ఉంది. దానితో ఏమైనా చేస్తారా అని నేనే అడిగాను. "దీనికి అక్కర్లేదు" అంది. ఉన్న మెషీనుని వాడకుండా ఆగడం చిన్న విషయం కాదు, బిల్లులో ఇంకో లైను పెరిగేది.

పది రోజులకి రెండో సిట్టింగుకి వెళ్ళేసరికి పొక్కు మూసుకుపోయింది. నాలుగు దారులూ నింపారు. ఇక క్యాప్.

అమ్మకి క్యాప్ అంటే భయం కొలతకే. చెంచాలాంటి పళ్ళెంలో ముద్ద నింపి నోట్లో అదిమితే ఆమెకు వాంతి వస్తుంది. ఇక్కడ స్కానర్. లావుపాటి మార్కర్ పెన్నులాంటిది, మొన మీద ఆవిరి పట్టకుండా వెచ్చగా ఉంటుంది. పళ్ళమీదుగా జరుపుతుంటే స్క్రీన్ మీద పన్ను తర్వాత పన్ను ముగ్గు పడినట్టు వస్తుంది. చివరి పన్ను దగ్గర నాలుక అడ్డొచ్చి మూడుసార్లు తీయాల్సి వచ్చింది, దవడ నొప్పెట్టింది. అయినా వాంతి లేదు. నోట్లో కెమెరాతో కొలతలు తీసి మెషీనుతో పన్ను చెక్కించడం జూరిక్‌లో 1985లో మొదలైందంటే, మా అమ్మ దాకా రావడానికి నలభై ఏళ్ళు పట్టినట్టు.

అసలు విషయం రంగు. అమ్మ పళ్ళమీద చాక్లెట్ రంగు మచ్చలున్నాయి. మా వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు. పళ్ళు తయారయ్యే వయసులో, అంటే చిన్నప్పుడు, తాగిన నీళ్ళు పళ్ళమీద రాసిపెట్టిన రాత అది, తర్వాత తోమితే పోదు. సత్యసాయి ట్రస్టు నీళ్ళు 1990లలో మా జిల్లాకి వచ్చేసరికి ఆమె పిల్లల తల్లి. ఫొటోలో ఆమె పెదవులు మూసే నవ్వుతుంది. పెళ్ళి ఫొటోలోనూ అంతే.

రంగు చూడ్డం మొదటి సిట్టింగులోనే, రబ్బరు షీటు బిగించకముందే అయిపోయింది. పళ్ళు ఆరిపోతే అసలు కంటే తెల్లగా కనిపిస్తాయట. కిటికీ దగ్గర పగటి వెలుగులో నిలబెట్టి, వీటా అనే షేడ్ గైడ్‌లోని పదహారు పళ్ళని ఒక్కొక్కటే అమ్మ పంటి పక్కన పెట్టి ఫొటోలు తీసింది. ఏ3.5 అనే రంగు దగ్గరికొచ్చింది. అప్పుడడిగింది: "అమ్మా, క్యాప్ మచ్చల్లేకుండా చేయించనా, మిగతావాటిలా చేయించనా?"

నేను తెల్లదే అనబోయాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "ఇదొక్కటే తెల్లగుంటే మిగతావి ఇంకా నల్లగా కనపడవా? నా పళ్ళట్లనే చెయ్యమను."

ఆ ఫొటోలు ల్యాబ్‌కి వెళ్ళాయి. తయారీ వీడియో నాకు వాట్సాప్‌లో పంపారు. క్యాప్ చేసేది జిర్కోనియా అనే పింగాణీలాంటి పదార్థంతో. అది మొదట సుద్దముక్కలా ఉంటుంది. మెషీను దాన్ని అసలు సైజుకంటే ఐదో వంతుకు పైనే పెద్దదిగా చెక్కుతుంది, ఎందుకంటే 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఇటుక బట్టీలో కాలినట్టే. అంతా అయ్యాక ఒక టెక్నీషియన్ సన్నని కుంచె పట్టుకుని, ఫోన్‌లో అమ్మ పళ్ళ ఫొటో పక్కన పెట్టుకుని, క్యాప్ మీద గోధుమరంగు గీత ఒకటి వేసి, దాన్ని వేలితో కొద్దిగా చెరిపాడు. ఆ వీడియో నేను దాచుకున్నాను.

పెట్టిన రోజు రంగు చూసి ఏది క్యాపో, ఏది పన్నో నేను కనుక్కోలేకపోయాను. కానీ ఎత్తు ఎక్కువైంది. నీలం కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట అరగదీసి, మళ్ళీ కొరికించి, మూడుసార్లు. ఇంటికొచ్చాక "రాయి పెట్టినట్టుంది" అంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం, ఐదు నిమిషాల్లో సరిచేశారు. కొలత ఎంత డిజిటలైనా చివరి వెంట్రుకవాసి కాగితంతో, చేత్తోనే.

బాగాలేనివి. పదకొండు గంటల అపాయింట్‌మెంటుకి కుర్చీ దొరికింది పన్నెండుంపావుకి, రెండుసార్లు అలాగే. క్లినిక్ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. సంతకం పెట్టే ఫారాలు ఇంగ్లిష్, కన్నడలోనే, అమ్మకి నేను చదివి వినిపించాల్సి వచ్చింది. స్కాన్ ఫైలు కాపీ కోసం మూడుసార్లు అడిగించుకున్నారు. అది మన ఫైలు, వేరే డాక్టర్‌కి చూపించాలన్నా కావాలి, పట్టుబట్టి తీసుకోండి.

బిల్లు: కన్సల్టేషన్ 500, సీబీసీటీ 1,800, రెండోసారి రూట్ కెనాల్ 12,500, పైన ఫిల్లింగ్ 1,500, జిర్కోనియా క్యాప్ 13,000. మొత్తం 29,300. మా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయి రాలేదు. ఇది చిన్న మొత్తం కాదు. అంత పెట్టలేనివాళ్ళు బెంగళూరులో కోట దగ్గర, విక్టోరియా ఆసుపత్రి పక్కన ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకి ముందు వెళ్ళి అడగమని చెప్తాను.

దీపావళి తర్వాత ఆరు నెలల చెకప్ అయింది. పాత ఆర్‌వీజీ, కొత్త ఆర్‌వీజీ పక్కపక్కన పెట్టారు, స్క్రీన్ అమ్మ వైపే. వేరు కొసన ఉన్న నల్లనీడ సగానికి పైగా తగ్గింది. ఎముక నెమ్మదిగా నిండుతుంది, ఏడాదికి మళ్ళీ చూద్దామంది డాక్టరమ్మ. ఆ రెండు బొమ్మల్నీ అమ్మ తన ఫోన్‌లోకి పంపించుకుంది. ఆ రాత్రే ముదిగుబ్బలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేసింది. పిన్నికీ ఏదో పన్ను తీసేయాలని అక్కడెవరో చెప్పారట. అమ్మ వంటింట్లో నిలబడి గట్టిగా చెప్తోంది: "తీయించుకుంటే తీయించుకుందువులే. ముందు ఆ టీవీ నీ పక్క తిప్పమను."